గోడ లేవకముందే అడగవలసిన మాట

(ప్రసంగపాఠం)

ముంబయిలోని కామాఠీపురకు ఆ పేరు కట్టడపు పని చేసే మనుషుల వల్ల వచ్చింది. పద్దెనిమిదో శతాబ్దం చివరి నుంచి నిజాం రాజ్యపు తెలుగు పల్లెలను విడిచి వచ్చిన కూలీలను ఆ నగరం కామాఠీలని పిలిచింది. వారు రాయి కొట్టారు, సున్నం కలిపారు, పునాదులు తవ్వారు, గోడలు లేపారు. నేటికీ ఏ నగరంలోనైనా కడుతున్న భవనం దగ్గర ఒక నిమిషం నిలబడి చూస్తే, ఇటుకల తట్ట నెత్తిన పెట్టుకొని మెట్లెక్కే స్త్రీ కనిపిస్తుంది. ఆమె చేతికి తాపీ అందడం అరుదు. ఆమె చేతికి నక్షా అందడం మరీ అరుదు. కట్టే చేతులకూ గీసే చేతులకూ మధ్య ఇంత దూరం ఎందుకు ఉన్నది, ఆ దూరం తగ్గినచోట ఏమి జరిగింది అన్నదే ఈ ప్రసంగానికి విషయం.

వాస్తు అనగానే తెలుగువారికి ఈశాన్యపు మూల నీళ్ళు, ఆగ్నేయపు మూల పొయ్యి గుర్తుకు వస్తాయి. ఇక్కడి ప్రస్తావన దిక్కుల వాస్తును గురించి కాదు. ఇల్లు, బడి, ఆసుపత్రి, వీధి, తోట ఎలా ఉండాలో ఆలోచించి, గీసి, లెక్క కట్టి, కట్టించే వృత్తిని గురించి, అంటే ఆర్కిటెక్టుల వృత్తిని గురించి. గత నాలుగైదు దశాబ్దాలలో ఆ వృత్తిని రెండు శక్తులు కదిలించాయి. ఒకటి, ఒంటరిగా కాక సంఘంగా నిలిచి అడిగిన ఉద్యమం. రెండవది, ఇంటి పనిని కూడా పనిగా లెక్కించమని కోరిన స్త్రీవాద ఆలోచన. ఈ రెండూ కలిసినచోట ఇల్లు గీసే పద్ధతే మారింది.

ఇంటి పని ఎవరిది, ఇంటి గీత ఎవరిది

కేంద్ర ప్రభుత్వం 2019లో జరిపిన కాల వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటి పనులు చేసేవారిలో స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు ఆ పనులకు వెచ్చిస్తున్నారు. 2024లో మళ్ళీ లెక్క తీసినప్పుడు ఆ అంకెలు 289, 88గా తేలాయి. ఇద్దరి సమయమూ కాస్త తగ్గింది. ఇద్దరి మధ్య తేడా మాత్రం 202 నిమిషాల నుంచి 201 నిమిషాలకు వచ్చింది. ఐదేళ్ళలో తగ్గినది ఒకే ఒక్క నిమిషం.

దాదాపు ఐదు గంటలు ఇంట్లో పని చేసే మనిషికి ఆ ఇల్లే కార్ఖానా. ఏ కార్ఖానా కట్టేవాడైనా ముందుగా అక్కడ జరిగే పని ఏమిటో అడుగుతాడు. యంత్రం ఎక్కడ నిలపాలి, సరుకు ఎక్కడ దించాలి, వెలుతురు ఎటు నుంచి రావాలి అని తెలుసుకొని గాని గీత గీయడు. ఇంటి విషయంలో ఆ ప్రశ్న అడిగే ఆచారం లేదు. నక్షా కాగితం మీద హాలు, పడకగది, వంటగది అని మూడు పేర్లు రాసి ఉంటాయి. తెల్లవారుజామున కొళాయి వచ్చేసరికి నీళ్ళ డ్రమ్ము ఎక్కడ పెట్టాలి? వానాకాలంలో నాలుగు నెలలు తడిబట్టలు ఎక్కడ ఆరాలి? మంచం పట్టిన అత్తగారిని మరుగుదొడ్డికి నడిపించే దారిలో గడప ఎంత ఎత్తు ఉంది? మధ్యాహ్నం పూట కుట్టుమిషను ఏ కిటికీ పక్కన పడుతుంది? వీటికి నక్షాలో పేరు లేదు గనుక చోటు కూడా ఉండదు.

ఈ కొరతను మొదట గుర్తించిన వారిలో ఆస్ట్రియా దేశపు ఆర్కిటెక్టు మార్గరెటె షుటె లిహోట్స్కీ ఒకరు. జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరం కార్మికులకు ఇళ్ళు కట్టిస్తున్నప్పుడు, 1926లో ఆమె ఒక వంటగదిని రూపొందించారు. వంట చేసే మనిషి వేసే అడుగులు లెక్కపెట్టి, రైలు పెట్టెలోని ఇరుకు వంటగదులను పరిశీలించి, సుమారు ఆరున్నర చదరపు మీటర్లలో అన్నీ చేతికందేలా అమర్చారు. అటువంటి వంటగదులు ఆ నగరంలో దాదాపు 10,000 ఇళ్ళకు చేరాయి. స్త్రీల శ్రమను తగ్గించాలన్నదే ఆమె సంకల్పం. అయితే తరువాతి తరపు స్త్రీవాదులు అందులో ఒక చిక్కును చూపారు. ఆ గది ఒక్కరు మాత్రమే నిలబడి పని చేసేంతది. అందులోకి భర్త రాలేడు, ఎదిగిన పిల్లలు రాలేరు. పని తేలికైంది గాని, ఆ పని ఒక్కరిదే అన్న భావన గోడలతో సహా గట్టిపడింది.

దీనినుంచి తేలేది ఏమంటే, గీసే మనిషి స్త్రీ అయినంత మాత్రాన, ఆమె ఎంత సమర్థురాలైనా, సమస్య తీరిపోదు. ఆ ఇంట్లో బతకబోయే వారు గుంపుగా కూర్చొని తమ పని గురించి తాము చెప్పాలి. అటువంటి సందర్భం ఒకటి కామాఠీపురకు పక్కనే, బైకుల్లా కాలిబాటల మీద ఏర్పడింది.

చీరతో కొలిచిన ఇల్లు

1981లో బొంబాయి కాలిబాటల మీద గుడిసెలు వేసుకున్నవారిని తొలగించాలని మహారాష్ట్ర ప్రభుత్వం నిశ్చయించింది. దానిపై వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1985 జూలైలో తీర్పు చెప్పింది. ఓల్గా టెల్లిస్ కేసుగా పేరుపొందిన ఆ తీర్పు, బతుకుతెరువు హక్కు జీవించే హక్కులో భాగమేనని ఒప్పుకుంది. అదే తీర్పు, ముందుగా తెలియజేసి గుడిసెలు తొలగించడానికి అనుమతి కూడా ఇచ్చింది. హక్కు మాటగా మిగిలి, గుడిసె పోయే పరిస్థితి వచ్చింది.

అప్పటికి ఏడాది క్రితం, 1984లో, ఆ ప్రాంతంలో స్పార్క్ అనే సంస్థ మొదలైంది. తీర్పు వెలువడిన వెంటనే ఆ సంస్థ కాలిబాట వాసులతో కలిసి ఒక జనగణన చేసింది. సుమారు 6,000 కుటుంబాల వివరాలు సేకరించి 1985లో ప్రచురించారు. 'కనబడని మేము' అన్న అర్థం వచ్చే పేరు దానికి పెట్టారు. ఎవరు ఏ ఊరినుంచి వచ్చారు, ఎన్నేళ్ళుగా ఉన్నారు, ఏ పని చేస్తున్నారు అన్నది తొలిసారి కాగితం మీదికి ఎక్కింది. ఆ మరుసటి సంవత్సరం బైకుల్లా స్త్రీలు మహిళా మిలన్ అనే పొదుపు సంఘం పెట్టుకున్నారు. జోకిన్ అర్పుతం నాయకత్వంలోని జాతీయ మురికివాడల వాసుల సమాఖ్య వారికి తోడు నిలిచింది.

ఆ స్త్రీలలో చాలామందికి చదువు రాదు. కాలిబాట మీద పుట్టి పెరిగిన వారికి పక్కా ఇల్లు ఎంత ఉంటుందో, ఎంత ఉంటే చాలునో తెలిసే అవకాశమూ లేదు. అందుకని వారు కొలవడంతో మొదలుపెట్టారు. తమ గుడిసెను కొలిచారు. ఇతరుల ఇళ్ళకు వెళ్ళి గదులు చూశారు. కొలబద్ద లేనిచోట చీర పొడవే కొలబద్ద అయింది. తరువాత వెదురు, గుడ్డ, కర్ర ముక్కలతో అసలు ఇంటి పరిమాణంలోనే నమూనా ఇల్లు నిలబెట్టి, దానిలోకి వెళ్ళి, పడుకొని, కూర్చొని, పొయ్యి పెట్టే చోటు చూసి, మార్చవలసినవి మార్చారు. నేల విస్తీర్ణం పెంచుకొనే స్తోమత లేదు గనుక ఎత్తు పెంచమన్నారు. పద్నాలుగు అడుగుల ఎత్తు ఉంటే సగానికి అటక వేసుకోవచ్చు. కింద వంట, పని సాగుతూ ఉంటే పైన పిల్లలు చదువుకోవచ్చు, పడుకోవచ్చు.

ఇక్కడ ఆర్కిటెక్టు చేసిన పని ఏమిటని ఎవరికైనా అనుమానం కలగవచ్చు. ఆర్కిటెక్టు లేకుండా ఆ పని జరగలేదు. ఆ ఎత్తుకు గోడ మందం ఎంత ఉండాలి, గాలి ఎలా ఆడాలి, ఖర్చు ఎక్కడ తగ్గించవచ్చు అన్నవి చదువుకున్నవారు చెప్పవలసిన విషయాలు. మారినది క్రమం. ఇంతకుముందు ఆర్కిటెక్టు గీసి, నివాసులకు చూపి, సంతకం అడిగేవాడు. ఇక్కడ నివాసులు కట్టి చూపిన తరువాత ఆర్కిటెక్టు గీశాడు. ఆ నమూనా ఇళ్ళను చూడడానికి అధికారులు వచ్చినప్పుడు, వివరించినది ఆ స్త్రీలే. 2001 జూన్‌లో న్యూయార్కులోని ఐక్యరాజ్యసమితి భవనంలో అటువంటి నమూనా ఇంటిని, నమూనా మరుగుదొడ్డిని నిలబెట్టినప్పుడు నాటి ప్రధాన కార్యదర్శి కోఫీ అన్నన్ స్వయంగా వచ్చి చూశారు.

మరుగుదొడ్డి విషయం వినడానికి చిన్నదిగా ఉన్నా, ఈ ఆలోచన నగరపాలక సంస్థల దాకా వెళ్ళినది ఆ తోవనే. పుణెలో 1999లో నాటి కమిషనర్ రత్నాకర్ గైక్వాడ్, బస్తీలలో సామూహిక మరుగుదొడ్లను కట్టి నిర్వహించే బాధ్యతను స్వచ్ఛంద సంస్థలకు, స్థానిక సంఘాలకు అప్పగించారు. ఒకటి రెండేళ్ళలో 400కు పైగా కట్టడాలు లేచాయి. వాటిలో పలు చోట్ల గుత్తేదారు బాధ్యత తీసుకున్నది మహిళా మిలన్ సభ్యులే. వారు అడిగిన మార్పులు చూస్తే, వాటిలో ఖరీదైనది ఒకటీ కనిపించదు. స్త్రీలకూ పురుషులకూ వేరువేరు వరుసలు ఉండాలన్నారు, ఎందుకంటే ఒకే వరుసలో స్త్రీలు వెనక్కి నెట్టబడేవారు. పిల్లలకు ప్రత్యేకంగా చిన్న దొడ్లు ఉండాలన్నారు, ఎందుకంటే పెద్దల తోపులాటలో పిల్లలు బయట కాలువ గట్టున కూర్చునేవారు. తలుపు ఇటూ అటూ తెరుచుకోవాలన్నారు, ఎందుకంటే చేతిలో బకెట్టు ఉన్న మనిషికి ఇరుకు గదిలో లోపలికి లాగే తలుపు అడ్డం. కాపలాదారు కుటుంబానికి పైన ఒక గది ఉండాలన్నారు, ఎందుకంటే మనిషి ఉన్నచోటే శుభ్రత నిలుస్తుంది. రోజూ వరుసలో నిలబడే మనిషికి తప్ప ఇంకెవరికీ ఇవి తోచవు.

నక్షా చదవడం నేర్పిన కార్యాలయం

బైకుల్లాలో మొదలైనది నివాసుల వైపునుంచి. దాదాపు అదే కాలంలో లండన్ నగరంలో ఆర్కిటెక్టుల వైపునుంచి ఒక ప్రయత్నం జరిగింది. 1980 ప్రాంతంలో కొందరు స్త్రీలు కలిసి మాట్రిక్స్ అనే స్త్రీవాద సహకార సంఘంగా ఏర్పడ్డారు. వారి కార్యాలయంలో పెద్ద ఆర్కిటెక్టు, చిన్న ఆర్కిటెక్టు అన్న అంతరం లేదు. అందరికీ ఒకే జీతం. నిర్ణయాలు అందరూ కూర్చొని చేసేవారు. ఇళ్ళూ వీధులూ పురుషుల అనుభవమే ప్రమాణంగా కట్టబడుతున్నాయన్న వాదనను విస్తరించి వారు 1984లో 'మేకింగ్ స్పేస్' అనే పుస్తకం ప్రచురించారు.

పుస్తకంకంటే ముఖ్యమైనది వారి పద్ధతి. తమ దగ్గరికి వచ్చిన స్త్రీల సంఘాలకు వారు మొదట నక్షా చదవడం నేర్పారు. గోడకు ఏ గీత, తలుపుకు ఏ గీత, మెట్లకు ఏ గుర్తు అన్నది తెలిస్తే గాని ఎదుటివారు గీసినది బాగుందో లేదో చెప్పలేరు. కదిపి చూడగల చిన్న నమూనాలు తయారు చేసి, గోడలను ఎటు జరిపితే ఏమవుతుందో వారి చేతనే జరిపించి చూపారు.

లండన్ తూర్పు ప్రాంతమైన వైట్‌చాపెల్‌లో బెంగాలీ వలస స్త్రీలు చదువుకోవడానికి, పిల్లలను చూసుకోవడానికి ఒక కేంద్రం కావాలని కోరినప్పుడు మాట్రిక్స్ వారితో కలిసి పని చేసింది. ఆ కేంద్రం పేరు జాగొనారి. స్త్రీలారా మేల్కొనండి అని ఆ బెంగాలీ మాటకు అర్థం. అది 1987లో పూర్తయింది. ఆ రోజుల్లో అక్కడ ఆసియా వాసులపై జాతి ద్వేషంతో దాడులు జరుగుతూ ఉండేవి. కిటికీలకు కాపుదల కావాలి. జైలు ఊచల వంటివి బిగిస్తే లోపలికి వచ్చే స్త్రీకి భయమే మిగులుతుంది. అందుచేత కాపుదలే అలంకారంగా కనిపించే జాలీలు అమర్చారు. ఏ ఇటుక వాడాలో తేల్చడానికి ఆ స్త్రీలను వెంటబెట్టుకొని వీధులు తిరిగి, కట్టి ఉన్న గోడలు చూపి, వారికి నచ్చినది ఎంచుకోమన్నారు. పరాయి దేశంలో, పరాయి భాషలో ఉన్న స్త్రీలు తమ భవనపు ఇటుకను తామే ఎంచుకోవడం చిన్న సంగతి కాదు. వలస వచ్చిన ఏ కుటుంబానికైనా దాని విలువ తెలుస్తుంది.

ఈ చరిత్రలో ఒక హెచ్చరిక కూడా ఉన్నది. అటువంటి పనికి లండన్ మహానగర మండలి నుంచి లభించిన నిధులే ప్రధానమైన ఆధారం. 1986లో ప్రభుత్వం ఆ మండలినే రద్దు చేసింది. 1990ల నడుమకు వచ్చేసరికి మాట్రిక్స్ పని ముగిసింది. ప్రజాసంస్థల అండ లేకపోతే మంచి పద్ధతి కూడా ఎక్కువ కాలం నిలవదు.

నగరపాలనలో భాగమైనప్పుడు

ఆ అండ దొరికిన నగరానికి ఉదాహరణ ఆస్ట్రియా రాజధాని వియన్నా. 1991లో అక్కడ ఏవా కాయిల్ అనే నగర ప్రణాళికావేత్త, సహచరులతో కలిసి ఒక ఛాయాచిత్ర ప్రదర్శన ఏర్పాటు చేశారు. బహిరంగ స్థలం ఎవరిది అన్నదే దాని ప్రశ్న. వేరువేరు వయసుల, వేరువేరు స్థితులలోని స్త్రీలు రోజంతా నగరంలో ఎలా తిరుగుతున్నారో ఆ చిత్రాలు చూపాయి. మరుసటి సంవత్సరం నగరపాలనలో స్త్రీల కోసం ఒక ప్రత్యేక విభాగం వెలసింది. 1993లో స్త్రీ ఆర్కిటెక్టులను మాత్రమే ఆహ్వానించి ఒక గృహసముదాయానికి పోటీ పెట్టారు. 1997లో పూర్తయిన ఆ సముదాయంలో 357 ఇళ్ళు ఉన్నాయి. వంటగది నుంచి చూస్తే ఆవరణలో ఆడుకునే పిల్లలు కనిపిస్తారు. మెట్ల దారిలో పగటి వెలుతురు పడుతుంది. పిల్లల బండ్లు నిలుపుకొనే చోటు ఉంది. పిల్లల బడి ఆవరణలోనే ఉంది. ఫ్రాంక్‌ఫర్ట్ వంటగదిని రూపొందించిన షుటె లిహోట్స్కీ పేరే ఆ సముదాయంలో ఒక ప్రధాన భాగానికి పెట్టారు.

అదే దశాబ్దంలో ఆ నగరం తన తోటలను పరిశీలించింది. పదేళ్ళు దాటిన ఆడపిల్లలు తోటలకు రావడం తగ్గిపోతున్నట్లు తేలింది. ఉన్న మైదానమంతా బంతాటలకు, అంటే ఎక్కువగా మగపిల్లలకు, పోతున్నది. తోటలను తిరిగి తీర్చినప్పుడు ఒకే పెద్ద మైదానాన్ని చిన్న చిన్న ఆవరణలుగా విడదీసి, దీపాలు పెంచి, కూర్చొనే చోట్లు చేర్చారు. ఆడపిల్లలు తిరిగి రాసాగారు. ఎవరినీ బయటికి పంపలేదు, కొత్తగా నేల కొనలేదు. ఉన్న స్థలాన్ని ఎవరు వాడుతున్నారో లెక్కపెట్టి చూశారు.

సోలాపూరు బీడీ కార్మికుల పదివేల ఇళ్ళు

లండన్, వియన్నా దూరపు ఊళ్ళు. తెలుగువారికి దగ్గరగా చెప్పుకోదగినది మహారాష్ట్రలోని సోలాపూరు. తెలంగాణ ప్రాంతం నుంచి తరతరాలుగా వలస వెళ్ళిన పద్మశాలి కుటుంబాలకు ఆ ఊరు సొంత ఊరే. మగవారు మగ్గాల మీద, మిల్లులలో పని చేస్తే, ఆడవారిలో చాలామంది బీడీలు చుట్టారు. కంపెనీ బ్రాంచి నుంచి ఆకు, తంబాకు తెచ్చుకొని, ఇంట్లోనే ఆకు కత్తిరించి, చుట్టి, కట్టలు కట్టి, తిరిగి బ్రాంచిలో అప్పగించాలి. చుట్టేది ఇంట్లోనే, వండేదీ ఆ ఇంట్లోనే, పిల్లలు పడుకొనేదీ అక్కడే. తంబాకు ఘాటు ఆ గదిని విడిచిపోదు. అద్దె గదిలో ఉండే స్త్రీకి ఇంటి యజమాని ఖాళీ చేయమంటే నివాసంతో పాటు పని చేసుకొనే చోటు కూడా పోతుంది.

ఆ స్త్రీలు కార్మిక సంఘంగా ఏర్పడి, నర్సయ్య ఆడం నాయకత్వంలో, తమకు సొంత ఇళ్ళు కావాలని ఏళ్ళ తరబడి ఊరేగింపులు తీశారు, ధర్నాలు చేశారు. ఫలితంగా సోలాపూరు దగ్గరి కుంభారిలో 10,000 ఇళ్ళ కాలనీ లేచింది. ఆదివాసుల పోరాటంలో పని చేసిన గోదూతాయి పరుళేకర్ పేరు దానికి పెట్టారు. ఆ సహకార సంఘపు పేరులోనే మహిళా బీడీ కార్మికులు అన్న మాట ఉన్నది. 2006 సెప్టెంబరు 1న నాటి ప్రధాని మన్మోహన్ సింగ్ ఆ ఇళ్ళను ప్రారంభించారు. కేంద్రం, రాష్ట్రం కొంత ఇచ్చాయి, కొంత ఆ కార్మికులే భరించారు. ఆ అనుభవం మీదనే అసంఘటిత కార్మికులకు 30,000 ఇళ్ళ రే నగర్ పథకం రూపొందింది. అందులో మొదటి 15,000 ఇళ్ళను 2024 జనవరి 19న ప్రధాని నరేంద్ర మోదీ అందజేశారు. పార్టీలు మారాయి, ప్రభుత్వాలు మారాయి. అడిగిన స్త్రీల సంఘం మాత్రం చెదరలేదు.

ఇంటి పత్రం మీద స్త్రీ పేరు ఉండడం అన్నది ఇప్పుడు దేశవ్యాప్త నియమాలలోనూ చేరింది. 2015లో మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ పథకంలో ఇల్లు కుటుంబంలోని స్త్రీ పేరున గాని, భార్యాభర్తల ఉమ్మడి పేరున గాని ఉండాలన్న షరతు ఉన్నది. పత్రం మీద పేరు ఉన్న మనిషిని ఇంటినుంచి వెళ్ళగొట్టడం అంత సులువు కాదు.

కట్టడం మీద పేరు

సంఘంగా చేసిన పనికి పేరు ఎవరికి దక్కాలన్న ప్రశ్న ఆర్కిటెక్టుల లోకాన్ని కూడా కదిలించింది. ఆ వృత్తిలో అతి పెద్ద గౌరవంగా భావించే ప్రిట్జ్‌కర్ బహుమతిని 1991లో అమెరికాకు చెందిన రాబర్ట్ వెంచురీకి ఇచ్చారు. ఆయనతో పాటు రెండు దశాబ్దాలకు పైగా సమానంగా పని చేసిన డెనీస్ స్కాట్ బ్రౌన్ పేరు అందులో లేదు. 2013లో హార్వర్డ్ విద్యార్థినులు ఆమెకు గుర్తింపు ఇవ్వాలని వినతిపత్రం తయారు చేయగా, ప్రపంచమంతటి నుంచి వేలాదిమంది సంతకాలు చేశారు. పాత న్యాయనిర్ణేతల తీర్పును తిరగదోడలేమని నిర్వాహకులు తోసిపుచ్చారు. బహుమతి రాలేదు గాని, కట్టడం ఒకే మహానుభావుడి మేధస్సు నుంచి పుట్టుతుందన్న నమ్మకం చెదిరింది. ఆఫీసులో గీసిన చేతులు, ఎండలో కట్టిన చేతులు, చీర పరిచి కొలిచిన చేతులు కూడా లెక్కలోకి రావాలన్న మాట అప్పటినుంచి మరింత గట్టిగా వినిపిస్తున్నది.

సంతకం పెట్టేముందు

ఇదంతా ఇప్పుడు ఎందుకు చెప్పుకోవాలి? తెలుగువారు తరతరాలుగా ఉంటున్న పాత పేటలు, చాళ్ళు, లేబరు కాలనీలు నగరాల నడుమకు వచ్చేశాయి. ఆ నేల విలువ పెరిగింది. పునర్నిర్మాణపు ప్రతిపాదనలు ఒక్కొక్క వీధికీ వస్తున్నాయి. కామాఠీపుర కూడా ఆ దారిలోనే ఉన్నది. ముంబయి మురికివాడల పథకంలో ఒక కుటుంబానికి ఇచ్చే ఇల్లు 1995లో 225 చదరపు అడుగులు ఉండేది, తరువాత 269 అయింది, ఇప్పుడు 300. వైశాల్యం పెంచమని అడిగిన గొంతులు చాలా ఉన్నాయి. ఆ 300 అడుగుల లోపల ఏది ఎక్కడ ఉండాలని అడిగిన గొంతులు తక్కువ.

సాధారణంగా జరిగేది అందరికీ తెలిసినదే. బిల్డరు మనుషులు రాత్రి భోజనాల వేళ సమావేశం పెడతారు. మగవారు వెళ్తారు. ఆడవారు ఆ సమయంలో వంట దగ్గర ఉంటారు. నక్షా గోడకు వేలాడుతుంది. దాని మీది అక్షరాలు చాలామందికి రాని భాషలో ఉంటాయి. ఎన్ని అడుగులు, ఎంత అద్దె, ఎప్పుడు తాళం అన్న మూడు ప్రశ్నలతో సమావేశం ముగుస్తుంది. ఇల్లు చేతికి వచ్చాక ముప్ఫై ఏళ్ళు దానిలో పని చేయవలసిన మనిషి ఆ సమావేశంలో లేదు.

దీనిని మార్చడానికి చట్టం మారే దాకా ఆగవలసిన అవసరం లేదు. సమావేశం ఆడవారికి వీలైన వేళలో, వారికి తెలిసిన భాషలో పెట్టమని సొసైటీని అడగవచ్చు. నక్షా ప్రతిని ఒక వారం ముందు ఇవ్వమని కోరవచ్చు. 1:100 అని రాసి ఉన్న నక్షాలో ఒక సెంటీమీటరు అంటే నేల మీద ఒక మీటరు. ఆ లెక్కన వీధిలోనో, మేడ మీదనో సుద్దముక్కతో ఇంటిని అసలు పరిమాణంలో గీయవచ్చు. గుమ్మాల ముందు ముగ్గులు వేసిన చేతులకు అది కష్టమైన పని కాదు. ఆ గీతల మధ్య మంచం, బీరువా, నీళ్ళ డ్రమ్ము, గ్యాసు బండ, కుట్టుమిషను పెట్టి చూస్తే ఏది పడుతుందో, ఏది పట్టదో పావుగంటలో తేలుతుంది. రాత్రి పూట మెట్ల దగ్గర దీపం ఉందా, వరండా మలుపు కనిపిస్తుందా, పైకప్పు మీదికి బట్టలు ఆరవేయడానికి వెళ్ళనిస్తారా, లిఫ్టు నిర్వహణ ఖర్చు నెలకు ఎంత పడుతుంది అని అడగవచ్చు. కార్పెట్ ఏరియా అన్న మాటకు 2016 నాటి రేరా చట్టం స్పష్టమైన అర్థం ఇచ్చింది. లోపలి అడ్డుగోడలు అందులోకి వస్తాయి. బయటి గోడలూ బాల్కనీలూ రావు. ఆ అర్థం ప్రకారమే లెక్క చెప్పమని పట్టుపట్టవచ్చు. ఒప్పందపత్రంలో ఇంటి స్త్రీ పేరు కూడా రాయించుకోవచ్చు.

ఒక జాగ్రత్త కూడా అవసరం. సంఘం నడపడం, కొలవడం, సమావేశాలకు తిరగడం కూడా శ్రమే. రోజుకు ఐదు గంటల ఇంటి పని చేసే స్త్రీ మీద ఆరో గంటగా ఇది కూడా పడితే, అది స్త్రీవాదం పేరుతో మరొక చాకిరీ అవుతుంది. ఆ గంటసేపు పొయ్యి దగ్గర ఇంట్లోని ఇంకొకరు నిలబడాలి. సామూహిక మరుగుదొడ్డిని చూసుకొనే మనిషికి జీతం ఉండాలి. సంఘం తన వంతు చేస్తున్నదని చెప్పి నగరపాలక సంస్థ తన వంతు నుంచి తప్పుకోకూడదు. నీటి గొట్టం, మురుగు కాలువ, వీధి దీపం సంఘం వేయగలిగినవి కావు.

ఆర్కిటెక్టుల పని దీనివల్ల తగ్గదు, పెరుగుతుంది. వినడం వారి చదువులో భాగమవుతుంది. సుద్దగీతల మధ్య నిలబడి ఒక స్త్రీ ఈ గోడ రెండు అడుగులు అటు జరగాలని అన్నప్పుడు, ఎందుకని అడిగి, వీలైతే జరిపి, వీలుకాకపోతే కారణం చెప్పగలిగినవారే ఇకమీదట మంచి ఆర్కిటెక్టులు. కాగితం మీద గోడ జరపడానికి ఒక రబ్బరు ముక్క చాలు. ఇటుకలు పేర్చాక అదే గోడ జరపాలంటే ఒక కుటుంబపు ఏళ్ళ పొదుపు కావాలి. అందుకే అడగవలసిన మాట గోడ లేవకముందే అడగాలి. కొత్త నక్షా వచ్చిన ప్రతి వీధిలోనూ ఆ మాట మొదటగా అడిగే హక్కు, ఆ గోడల మధ్య ఎక్కువసేపు పని చేసేవారికి ఉన్నది.